తిరుపతిలో మనవాళ్ళం ఎట్లా కలుస్తాం, కువైట్‌లో ఎందుకు కలవొద్దంటున్నాను

పీలేరు వైపు నుంచి కువైట్ పోయిన, మనలాగే గే అయిన తమ్ముడొకడు మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఈడ మనోళ్ళు ఆరుమంది తెలిసినారు, శుక్రవారం సెలవు, తిరుపతిలో మీరు పెట్టినట్టే ఒక మీట్ పెడదామనుకుంటా ఉండా, ఎట్లనో చెప్పు" అని. వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న మదనపల్లె నుంచీ శ్రీకాళహస్తి నుంచీ కూడా వస్తోంది, కానీ అడిగేవాళ్ళ పరిస్థితి మాత్రం ఒకటి కాదు.

ముందు మన చట్టం సంగతి. 1860 నాటి ఐపీసీలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్, పదేళ్ళ దాకా జైలు, లేదంటే యావజ్జీవం. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలను దాన్నుంచి తప్పించింది, 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు మళ్ళీ తెచ్చి నెత్తిన పెట్టింది, 2018 సెప్టెంబర్ 6న అదే కోర్టు తీసేసింది. మేం తిరుపతిలో కలవడం మొదలుపెట్టింది 2016లో, అంటే రెండేళ్ళు మేం కోర్టు లెక్కలో నేరస్తులుగానే టీ తాగాం. నిజానికి 377 కింద కూడా నలుగురు కలిసి కూర్చోవడం నేరం కాదు. ఆ తేడా స్టేషన్లో ఎవరు వింటారు? 2001 జూలైలో లక్నోలో ఎయిడ్స్ నివారణ పని చేసుకుంటున్న కార్యకర్తలను ఇదే సెక్షన్ పెట్టి లోపలేశారు, 47 రోజులు జైల్లో ఉన్నారు. వాళ్ళ ఆఫీసులో దొరికినవి కండోమ్‌లు, ఆరోగ్యం గురించిన పుస్తకాలు.

కాబట్టి మేం మొదట్లోనే ఒక రూలు పెట్టుకున్నాం, ఇప్పటికీ మార్చలేదు: గుంపులో ఎవరికి పోయేది ఎక్కువో వాళ్ళ మాటే చెల్లుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇంట్లో చెప్పేసిన అబ్బాయికి ఫొటో దిగితే పోయేదేమీ లేదు. పలమనేరులో అన్నావదినలతో ఒకే ఇంట్లో ఉండే అబ్బాయికి ఇల్లే పోతుంది. పదిమందిలో తొమ్మిది మంది సరే అన్నా ఆ ఒక్కడు వద్దంటే వద్దే, ఓటింగ్ ఉండదు.

మీట్ అనగానే చాలామందికి జెండా, బ్యానర్ గుర్తొస్తాయి. మా మొదటి మీట్ ఐదుగురు మనుషులు, రెండు పొట్లాల బొరుగులు, అంతే. పేరు కూడా మామూలుగా పెట్టండి. 1999 జూలై 2న కోల్‌కతాలో 15 మంది కలిసి నడిచారు, మన దేశంలో మొదటి ప్రైడ్ (మనవాళ్ళ ఊరేగింపు) అని ఇప్పుడు దాన్నే చెప్పుకుంటాం, వాళ్ళు మాత్రం దానికి ఫ్రెండ్‌షిప్ వాక్ అనే పేరు పెట్టారు. మాది ట్రెక్కింగ్ గ్యాంగ్. అబద్ధం కూడా కాదు, రెండు నెలలకోసారి అలిపిరి మెట్లెక్కుతాం. 3550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి ఎంత బిగుసుకున్న మనిషైనా మాట్లాడటం మొదలుపెడతాడు, పక్కన నడిచేవాళ్ళు గోవింద నామాలు చెప్పుకుంటూ పోతుంటారు, మన మాట ఎవరికీ పట్టదు. మనలో భక్తులు లేరనుకునేవాళ్ళు ఒకసారి మాతో వచ్చి చూడాలి. కొండ మీద జెండాలు, నినాదాలు మాత్రం వద్దే వద్దు. అక్కడ రాజకీయ నాయకులు మాట్లాడటానికే ఒప్పుకోరు.

చోటు విషయంలో అందరికీ మొదట తట్టేది లాడ్జి రూము, ఈ ఊళ్ళో లాడ్జిలకు కొదవా? కానీ మీ ఆధార్ జిరాక్స్ కౌంటర్లో ఉండిపోతుంది, ఇద్దరని రాసి ఏడుగురు ఎక్కితే మేనేజర్ తలుపు కొడతాడు. ఒక చోట కొట్టాడు. "బర్త్‌డే సామీ" అని చెప్పి బయటపడ్డాం గానీ, ఆ రోజు మొదటిసారి వచ్చిన కుర్రాడు మళ్ళీ రాలేదు. ఘనాలో 2021 మేలో హో అనే ఊళ్ళో ఒక హోటల్లో మనవాళ్ళ హక్కుల మీద శిక్షణకు కూర్చున్న 21 మందిని పోలీసులు పట్టుకుపోయారు, 22 రోజులు లోపల పెట్టారు, తర్వాత ఆగస్టులో కేసు ఎత్తేశారు. కేసైతే పోయింది, ఆ 22 రోజుల గురించి ఇంట్లో ఏం చెప్పుకున్నారో. అందుకే నేను పార్కులకే ఓటేస్తా. ప్రకాశం పార్కు, లేదంటే చంద్రగిరి కోట, టికెట్ కొనుక్కుని లోపలికి పోతే గడ్డిలో కూర్చున్న గుంపుల్లో మనదీ ఒకటి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి అసలు పెట్టుకోవద్దు, బస్సులు దొరకవు, అడుగడుక్కీ చెకింగ్. పల్లెల నుంచి వచ్చేవాళ్ళ ఆఖరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కుని దానికి గంట ముందు ముగించండి. బస్సు తప్పితే ఇంటికి ఫోన్ చేసి ఎక్కడున్నానో చెప్పాలి, అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఆడపిల్లలకు సాయంత్రం మీట్ పెట్టి "ఎవరూ రావట్లేదే" అనుకునేవాళ్ళం, ఏడాదిన్నర పట్టింది మాకు బుద్ధి రావడానికి. పగలు పదకొండుకి, బట్టల షాపుకో తిరుచానూరు గుడికో పోతున్నామని ఇంట్లో చెప్పగలిగే టైముకి పెడితే నలుగురు వచ్చారు. వాళ్ళ భయం పోలీసులు కాదు, పెళ్ళిచూపులు. అలాంటివాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి: పుట్టింటివాళ్ళు బలవంతంగా ఇంట్లో బంధిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేయొచ్చు, అలాంటి కేసుల్లో అమ్మాయిని కౌన్సెలింగ్ పేరుతో పుట్టింటివైపు నెట్టకూడదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. లాయరుకు డబ్బులేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు.

కొత్తవాళ్ళను చేర్చుకోవడం దగ్గర నిదానం కావాలి. డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషికి చోటు, టైము ముందే చెప్పొద్దు. మొదట వీడియో కాల్, తర్వాత మనలో ఒకరిద్దరు బస్టాండ్ దగ్గర టీ కొట్టులో కలవాలి, తర్వాతే గుంపు. తొందరపెట్టేవాళ్ళనీ, మొదటి రోజే ఫొటోలు అడిగేవాళ్ళనీ వదిలేయండి. పద్దెనిమిది నిండనివాళ్ళు ఎంత బతిమాలినా మీట్‌కి రానివ్వొద్దు, దీంట్లో మొహమాటం లేదు. డబ్బు గుంజే ముఠాలు మన జిల్లాలోనూ ఉంటాయనుకునే నడుచుకోండి. ఎవరైనా "మీ నాన్నకు చెప్తా, ఐదు వేలు కొట్టు" అంటే ఒక్క రూపాయి కూడా పంపొద్దు, ఒకసారి ఇస్తే నెలనెలా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకుని సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో అది 308 సెక్షన్ కింద బలవంతపు వసూలు. ఇప్పుడు నేరం చేస్తున్నది వాడు, మీరు కాదు. 2018కి ముందు ఈ మాట అనగలిగే వీలే లేదు, నన్నడిగితే మన ఊళ్ళకు ఆ తీర్పు వల్ల దక్కిన అసలు లాభం ఇదే.

ఫోన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఒక్కడి ఫోన్ వాళ్ళ బావమరిది చేతికి చిక్కితే ఇరవై మంది చిక్కినట్టే. సిగ్నల్ అనే యాప్‌లో అయితే నంబరు చూపించకుండా యూజర్‌నేమ్‌తో చేరొచ్చు, మెసేజ్‌లు వాటంతటవే పోయేలా పెట్టొచ్చు. లాక్ చేసిన స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా ఆపేయండి. చందా వంద రూపాయలు చేతికే ఇవ్వండి, ఒకాయన ఫోన్‌పేలో పంపుతూ నోట్‌లో గే మీట్ అని రాశాడు, ఆ ఖాతా వాళ్ళ నాన్నతో జాయింట్!

ఫొటోల దగ్గర జరిగిన తప్పు నాదే. 2017లో తలకోన పోయినప్పుడు తొమ్మిది మందిమి జలపాతం ముందు దిగిన ఫొటో, ఏముందిలే ఫ్రెండ్సే కదా అని స్టేటస్‌లో పెట్టాను. దాంట్లో ఏ జెండా లేదు. కానీ ఒక అబ్బాయి ఆ రోజు ఇంట్లో చిత్తూరులో ఇంటర్వ్యూ ఉందని చెప్పి వచ్చాడు. వాళ్ళ పెదనాన్న కొడుక్కి నా నంబరుంది. ఒక్కో మాటే లాగారు, మూడు నెలల్లో పెళ్ళి చేసేశారు. ఆ పిల్లకూ తెలియదు, వాడూ చెప్పలేదు. అప్పటినుంచి మా మీట్‌లో ఫోన్లన్నీ ఒక సంచిలో పడతాయి, ఆ సంచి నా భుజానికే ఉంటుంది.

ఊళ్ళో నడక, ర్యాలీ లాంటిది పెట్టాలని ఈమధ్య కుర్రాళ్ళు అడుగుతున్నారు. పెట్టొచ్చు, కానీ తిరుపతిలో పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందంటూ తరచూ ప్రకటిస్తుంటారు, అప్పుడు ముందస్తు అనుమతి లేకుండా ఊరేగింపు చేయకూడదు. డీఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. దరఖాస్తు మీద సంతకం పెట్టే ఇద్దరూ ఇంట్లో చెప్పేసినవాళ్ళే అయ్యుండాలి. మొహం దాచుకోవాలనుకునేవాళ్ళకు మాస్కులు తెచ్చిపెట్టండి, 2008లో ఢిల్లీ మొదటి ప్రైడ్‌లోనూ మాస్కులు పెట్టుకుని నడిచినవాళ్ళున్నారు, దాంట్లో చిన్నతనమేమీ లేదు. నా మటుకు నాకు ఇంకా ఆ తొందర లేదు. గంగమ్మ జాతరకు వారం రోజులు ఈ ఊళ్ళో మగాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరిగితే అందరూ దండం పెడతారు, ఎనిమిదో రోజు అదే చీర కట్టినవాణ్ణి "తేడా" అంటారు. ఈ ఊరితో నింపాదిగానే మాట్లాడాలి.

ఇక కువైట్ తమ్ముడి సంగతి. తమ్ముడూ, వద్దు. పైన చెప్పింది ఏదీ నీకు పనికిరాదు. అక్కడ శిక్షాస్మృతి 193 ప్రకారం పెద్దవాళ్ళైన మగవాళ్ళు ఇష్టపడి కలిసినా ఏడేళ్ళ దాకా జైలు. పైగా సభలు, ఊరేగింపుల్లో విదేశీయులు పాల్గొనకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. ఆడవేషం కడితే శిక్షించే క్లాజును 2022 ఫిబ్రవరిలో వాళ్ళ రాజ్యాంగ కోర్టు కొట్టేసింది, దాన్ని చూసి పర్లేదులే అనుకోవద్దు, 193 అట్లాగే ఉంది. కేసు దాకా పోకుండానే పంపించేస్తే? నువ్వు పోవడానికి చేసిన అప్పు పీలేరులో వడ్డీతో కూర్చుని ఉంటుంది. "సింగపూర్లో పెట్టుకున్నారు కదన్నా" అన్నావు. నిజమే, మన 377 లాంటి అక్కడి 377ఏ సెక్షన్ ఉన్న రోజుల్లోనే 2009లో హాంగ్ లిమ్ పార్కులో పింక్ డాట్ (గులాబీ చుక్క) అనే మనవాళ్ళ సభ మొదలైంది, ఆ సెక్షన్ పోయింది 2023 జనవరిలో. కానీ 2017 నుంచి అక్కడ కూడా గేటు దగ్గర ఐడీ చూసి, సింగపూర్ పౌరులు కానివాళ్ళను, అక్కడ స్థిరనివాసం లేనివాళ్ళను వెనక్కి పంపారు. మనలా పనికి పోయినవాళ్ళకు ఆ చుక్కలో చోటు లేదు.

ఆరుమంది తెలుసన్నావు. ఆరుగురూ ఒక రూములో చేరొద్దు, గ్రూపు కట్టొద్దు. నీకు బాగా నమ్మకమున్న ఒక్కడితో మార్కెట్లో నడుస్తూ మాట్లాడుకో, చాలు. తెలుగులోనే మాట్లాడినా గట్టిగా వద్దు, అక్కడ నలుగురిలో ఒకడు రాయచోటివాడో రాజంపేటవాడో అయ్యుంటాడు. యాప్‌లో అక్కడివాళ్ళెవరు పిలిచినా పోవద్దు. పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ ఫొటోలు నా దగ్గర ఉంచు, ఏదైనా జరిగితే ఎంబసీకి ఫోన్ చేసేది నేనే అవుతాను, వాళ్ళు మనిషిని చూసి వస్తారు, వకీలు పేర్లు ఇస్తారు, చట్టం నుంచి మాత్రం తప్పించలేరు. మనసు మరీ బరువైతే నాకు రాత్రి పన్నెండైనా కాల్ చెయ్.

లీవు మే నెలకు మార్చుకోగలవా చూడు, జాతర అప్పుడే. వచ్చేముందు ఆ యాప్‌లు, మన చాట్‌లు తీసేసే పని రూములోనే కానివ్వు, ఎయిర్‌పోర్ట్ క్యూలో నిలబడి చేయొద్దు. రేణిగుంటకు కనెక్షన్ దొరక్కపోతే చెన్నైలో దిగు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రా. స్టేషన్ బయట సంచి భుజానేసుకుని నిలబడి ఉంటా.