కోర్టు కాగితంలోని పాత మాటలను ఎలా చదువుకోవాలి?

విశాఖపట్నం గోపాలపట్నంలో నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఇంటి స్థలం తగాదాలో సమన్లు వచ్చాయి. వాయిదా రోజున ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. కొన్నాళ్లకు వాళ్లను ‘ఎక్స్‌పార్టీ’ చేశారని కబురు అందింది. ఎక్స్ ఎమ్మెల్యే అంటే మాజీ ఎమ్మెల్యే కనుక, ఎక్స్‌పార్టీ అంటే తాము ఇక ఆ కేసులో కక్షిదారులు కాదని, బెడద వదిలిందని వాళ్లు అనుకున్నారు. నిజానికి లాటిన్‌లో ఆ మాటకు ‘ఒక పక్షం నుంచి’ అని అర్థం. ప్రతివాది హాజరు కాలేదు కనుక వాది చెప్పేది మాత్రమే విని కోర్టు ముందుకు సాగుతుందని దాని భావం. అంటే వాళ్లు ఊరట పడిన రోజునే వాళ్లకు అసలు ప్రమాదం మొదలైంది.

ఇలాంటి పొరపాటు చదువుకున్నవారికి కూడా జరుగుతుంది. మన న్యాయవ్యవస్థకు ఇంగ్లండ్ కామన్ లా, అంటే ప్రధానంగా కోర్టు తీర్పుల ద్వారా రూపొందిన చట్టం, పునాది. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో ఆ చట్టంతోపాటు ఆ భాష కూడా ఇక్కడి కోర్టుల్లో స్థిరపడింది. కోర్టు వ్యవహారాలన్నీ ఇంగ్లీషులోనే జరగాలన్న చట్టం 1733లోనే ఇంగ్లండ్‌లో అమలులోకి వచ్చినా, వాడుకలో పాతుకుపోయిన లాటిన్, ఫ్రెంచి మాటలు మాత్రం పోలేదు. వాటిని చదువుకోవడానికి ఆ భాషలు రానవసరం లేదు. ఈ కింది వరుసలో నడిస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

1. మాటను వాక్యంతో సహా ఎత్తి రాసుకోండి

అర్థం కాని మాటను విడిగా తీసి నిఘంటువులో వెతకడం చాలామంది చేసే మొదటి తప్పు. అది ఏ వాక్యంలో, ఎవరి గురించి, ఏ తేదీతో వచ్చిందో మొత్తం ఒక తెల్లకాగితం మీద రాసుకోవాలి. మాట పుట్టుక తెలిస్తే గుర్తు పెట్టుకోవడం సులభమవుతుంది కాని, దాని మీదే ఆధారపడకూడదు. మన కోర్టు తెలుగులోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. దావా, వకాల్తా, వాయిదా, జప్తు వంటి మాటలతోపాటు పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన ‘ముద్దాయి’ అన్న మాటకు అక్కడ దావా వేసినవాడని అర్థం. తెలుగులో మాత్రం నేరం మోపబడినవాడు ముద్దాయి. పుట్టుకను పట్టుకుని అర్థం చెప్పుకుంటే ఇక్కడ మనిషి ఏకంగా అవతలి పక్షంలోకి వెళ్లిపోతాడు.

2. ఆ మాట ఏ సెక్షన్‌లో ఉందో వెతకండి

చట్టం నిర్వచించిన మాటకు ఆ నిర్వచనమే అర్థం. కేంద్ర ప్రభుత్వపు ‘ఇండియా కోడ్’ వెబ్‌సైటులో చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. సివిల్ దావాల్లో తరచుగా కనిపించే ‘మీన్ ప్రాఫిట్స్’ను చూడండి. ఇది పాత ఫ్రెంచి మాట. ఇంగ్లీషు అక్షరాలను బట్టి కొందరు ‘మెస్నే’ అని చదువుతారు. వ్యాపార లాభంతో దీనికి సంబంధం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 2వ సెక్షన్ 12వ క్లాజు ప్రకారం, హక్కు లేకుండా ఆస్తిని అనుభవిస్తున్న వ్యక్తి దానిపై పొందిన ఆదాయం లేదా మామూలు శ్రద్ధతో పొందగలిగి ఉండిన ఆదాయం, దాని మీద వడ్డీ కలిపి మీన్ ప్రాఫిట్స్ అవుతాయి. భీమిలి వైపు మీ జీడితోటను మరొకరు అక్రమంగా అయిదేళ్లు అనుభవిస్తే, ఆ అయిదేళ్ల ఫలసాయం లెక్కకు వస్తుంది. అతను తోటను మెరుగుపరచినందువల్ల పెరిగిన ఆదాయం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

పాత పుస్తకం చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చింది కాబట్టి, మాటలు చాలావరకు అవే ఉన్నా సెక్షన్ల అంకెలు మారాయి.

3. ఆ మాట పడ్డాక ఏం జరుగుతుందో, గడువు ఎంతో తెలుసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ‘ఎక్స్‌పార్టీ’ చేశారని తెలిసినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, డిక్రీ (దావాలో కోర్టు తేల్చి ఇచ్చే నిర్ణయం) వచ్చిందా లేదా అన్నది. రాకపోతే తర్వాతి వాయిదాకు హాజరై, ముందు రాలేకపోవడానికి తగిన కారణం చూపి, తమ వాదన వినమని కోరవచ్చు. డిక్రీ వచ్చేసి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద దాన్ని రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకు గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆ గడువు దాటితే, ఆలస్యాన్ని మన్నించమని విడిగా మరో పిటిషన్ వేసి కారణాలు చెప్పుకోవాలి. గోపాలపట్నం కుటుంబం చివరికి ఆ పని కూడా చేయవలసి వచ్చింది.

‘కేవియట్’ అంటే స్టే అనుకునేవారు మన ఊళ్లో చాలామంది కనిపిస్తారు. అది దేన్నీ ఆపదు. అవతలివాళ్లు ఏదైనా ఉత్తర్వు కోరితే తనకు తెలియజేసి, తన మాట కూడా వినమని ముందుగా చెప్పుకోవడమే కేవియట్. దాని బలం 90 రోజులు; అవసరమనుకుంటే మళ్లీ వేసుకోవాలి.

‘స్టేటస్ కో’, అంటే ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్న ఉత్తర్వు వస్తే ఏ తేదీ నాటి స్థితి, దేని స్థితి అన్న రెండూ చూడాలి. స్వాధీనమా, నిర్మాణమా, అమ్మకమా అన్నది ఉత్తర్వులోనే ఉంటుంది. స్పష్టంగా లేకపోతే వకీలు ద్వారా కోర్టునే వివరణ కోరడం మంచిది, ఎందుకంటే ఇలాంటి ఇంజంక్షన్ (నిషేధ) ఉత్తర్వును ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉండవచ్చు.

ఆనందపురం, పెందుర్తి వైపు స్థలం కొనేవారు ‘లిస్ పెండెన్స్’ అన్న మాటను తప్పక తెలుసుకోవాలి. ఆస్తి హక్కు మీద దావా నడుస్తుండగా దాన్ని కొంటే, ఆ దావాలో వచ్చే తీర్పు కొన్నవారికీ వర్తిస్తుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి, నడుస్తున్న దావా కనిపించకపోవచ్చు. అందుకే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో కేసులు వెతకడం అవసరం.

4. తెలిసినట్టు కనిపించే మాటల దగ్గర ఆగండి

లాటిన్ మాట కనిపిస్తే జాగ్రత్త పడతాం. అసలు చిక్కు మామూలు మాటలతోనే వస్తుంది. క్రయపత్రంలో ‘కన్సిడరేషన్’ అంటే పరిగణన కాదు, ప్రతిఫలం. ‘పర్సన్’ అన్న మాట ఇంకా పెద్ద పాఠం నేర్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఏ ‘పర్సన్’ అయినా గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదని 1959 నాటి రెగ్యులేషన్ అంటుంది. అప్పటి విశాఖ జిల్లాలోని అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు మైనింగ్ లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో, ఆ మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. ఒక్క మాటకు చెప్పిన అర్థంతో గిరిజనుల భూమికి అంత రక్షణ దొరకడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

5. మాట వెనుక ఉన్న తీర్పును చదవండి

కామన్ లా మాటల్లో కొన్ని ఏ సెక్షన్‌లోనూ కనిపించవు. తీర్పుల్లోనే పుట్టి, తీర్పుల్లోనే మారుతుంటాయి. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు మన ఊరి పత్రికల్లో కనిపించిన మాటలు గుర్తు చేసుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ‘సుమోటో’గా, అంటే ఎవరి ఫిర్యాదూ లేకుండా తనంతట తానే, కేసు చేపట్టింది. మర్నాడే 50 కోట్ల రూపాయలు జమ చేయాలని కంపెనీని ఆదేశిస్తూ ‘స్ట్రిక్ట్ లయబిలిటీ’ సూత్రాన్ని పేర్కొంది. ఆ సూత్రం ఇంగ్లండ్‌లో ఒకరి జలాశయం నీరు పొరుగువారి బొగ్గు గనిలోకి చేరిన కేసులో స్థిరపడింది. ప్రమాదకరమైన దాన్ని తెచ్చిపెట్టుకున్నవాడు, అది తప్పించుకుపోయి నష్టం చేస్తే, తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడే అని 1868లో అక్కడి ప్రభువుల సభ ఖాయం చేసింది. అయితే దైవాధీనమైన విపత్తు వంటి కొన్ని మినహాయింపులు దానికి ఉన్నాయి. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఆ మినహాయింపులను తోసిపుచ్చి, ప్రమాదకర పరిశ్రమలకు ‘అబ్సల్యూట్ లయబిలిటీ’ని నిర్దేశించింది. రెండు మాటలనూ తెలుగులో ‘పూర్తి బాధ్యత’ అని ఒకేలా అనువదిస్తే, బాధితులకు ఎంతో ముఖ్యమైన ఆ తేడా కంటికి కనిపించకుండా పోతుంది.

6. రాసుకున్న కాగితంతో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి

ఇంతవరకు చేసినా సందేహం మిగిలితే విశాఖపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, విపత్తు బాధితులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది; మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది. వెళ్లేటప్పుడు అసలు నోటీసు, అది అందిన తేదీ తెలిపే కవరు, మీరు రాసుకున్న కాగితం వెంట ఉంచుకోండి. ‘ఈ మాటకు అర్థం ఏమిటి’ అని మాత్రమే అడిగి ఊరుకోకుండా, ‘దీనివల్ల నేను ఏ తేదీలోగా ఏం చేయాలి’ అని అడిగి, చెప్పిన జవాబును అక్కడే ఆ మాట పక్కన రాసుకోండి.