జామచెట్టు మీది తెల్ల పురుగులన్నీ శత్రువులు కావు

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల పెరళ్లలో జామ, సీతాఫలం చెట్లకు పిండినల్లి పట్టినప్పుడు, ఆ తెల్లని గుంపుల మధ్య ఒంటినిండా మైనపు పోగులతో, మిగతావాటికంటే పెద్దదిగా, చురుకుగా తిరిగే పురుగు కనిపిస్తే దయచేసి మందు చల్లవద్దు. అది పిండినల్లిని తిని బతికే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. ఈ జాతిని 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు.

రూపం ఒకేలా ఉండటం వల్ల చాలామంది దీనినే ముందు చంపేస్తారు, అది నిజంగా బాధాకరం. పిండినల్లి సాధారణంగా 3, 4 మిల్లీమీటర్లు మించదు, దాదాపు కదలదు. ఈ పిల్ల 13 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది, పుల్లతో మెల్లగా తాకితే త్వరగా పక్కకు జరుగుతుంది. పెద్దదైన పురుగుకు ముదురు రంగు రెక్కలు, నారింజ రంగు తల ఉంటాయి. ఈ అక్షింతల పురుగులు, వాటి పిల్లలు లేని కొమ్మలపై పిండినల్లిని నీటిధారతో కడిగివేయవచ్చు.