నివ్వరిని గుర్తుపట్టడం – నాలుగో పాఠం: గింజ ఊడిన మచ్చ

నివ్వరి మన గుంటల్లో మొలిచే ఒక అడవి వరి. దాని గురించి పోయిన పాఠంలో "ఒక దుబ్బు తెచ్చి కళ్లముందు పెట్టుకోండి" అని రాశాను. ఆ ఒక్క మాట ఎంత నష్టం చేసిందో మీరు పంపిన ఫొటోలు చూశాక తెలిసింది. ఒడిశాలో మన కోరాపుట్ జిల్లా బొరిగుమ్మ నుంచి ఒకరు, కోట్‌పాడ్ నుంచి ఇద్దరు వేళ్లతో సహా పీకి, బురద కడిగి, పాత పేపరు మీద ఆరబెట్టి మరీ పంపారు. ఒకరి గుంటలో ఉన్నవే పదకొండు దుబ్బులట, అందులో నాలుగు పీకేశారు. తప్పు నాది. "గుంట దగ్గరే కూర్చుని చూడండి" అని రాయాల్సింది.

నివ్వరి ఒక్క ఏడాది మొక్క. గుంట ఎండితే అదీ ఎండిపోతుంది. వచ్చే వానలకు మొలిచేది బురదలో రాలిన గింజే. గింజ రాలకముందు పీకితే ఆ దుబ్బు సంతానం అంతటితో సరి. లోతు నీళ్లలో ఏళ్ల తరబడి బతికే ఇంకో అడవి వరి ఉంది, అది వేరే జాతి, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

నివ్వరి పక్కనే మొలిచే తుంగ, ఊద గడ్డుల్ని వేరుచేయడం మీకు వచ్చేసిందనుకుంటాను. తుంగ కాడ మూడు పలకలు, ఊదకు ఆకు మొదట్లో నాలుక (వరికి ఉండే పల్చటి పొర) ఉండదు. అంతే.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఉత్తరాల్లో సగానికి పైగా "మీసం ఉంది కాబట్టి నివ్వరే" అన్నారు. మీసం అంటే గింజ కొసన పొడుచుకొచ్చే వెంట్రుకలాంటి ముల్లు. మంత్రపుష్పంలో వినే నీవారశూకం ఈ మీసమే, నిజమే. కానీ మన నాటు వరుల్లో మీసాలున్నవి బోలెడు. చేలో కలుపుగా మొలిచే బలుంగా వరికీ మీసం ఉంటుంది. కొస నుంచి మొదలుకి వేలితో నిమిరితే గరగరమని పట్టుకుంటుంది అని ఒకరు రాశారు. వరి మీసాలన్నీ అలాగే పట్టుకుంటాయి. పొడవు చూసి చెప్పకండి, రంగు చూసి చెప్పకండి, గరుకు చూసీ చెప్పకండి. మీసం అనుమానం కలిగిస్తుంది, అంతవరకే.

చూడాల్సింది గింజ అడుగు. నివ్వరి కంకి కొస నుంచి కిందికి పండుతుంది, పండిన గింజ పండినట్టే రాలిపోతుంది. వేలు తగిలితే చాలు. రాలిన గింజను తలకిందులు చేసి, కాడకు అతుక్కున్న చోటు చూడండి. గుండ్రంగా, నున్నగా, మధ్యలో సూదిమొన గుచ్చినంత చుక్కతో మచ్చ ఉంటుంది. ఇంటి వరి గింజను కంకి నుంచి లాగి పక్కన పెట్టండి. దాని అంచు చిరిగి ఉంటుంది, ఒక్కోసారి కాడ తునక అంటుకునే వస్తుంది. ఒకటి తనంతట తాను విడిపోయింది, ఇంకొకటి మనం లాగితే తెగింది. కంసాలి భూతద్దం ఉంటే మంచిదే. నేను మాత్రం ఫోన్ కెమెరా అద్దం మీద చిన్న నీటిబొట్టు పెట్టి చూస్తాను. గింజలు పట్టడానికి నల్ల గొడుగు తెరిచి కంకి కింద తిరగేసి పట్టుకుంటాను. నలుపు మీద మచ్చ బాగా కనిపిస్తుంది కూడా.

అయితే బలుంగా గింజా ఇలాగే రాలుతుంది. అందుకే ఒక్క దుబ్బుతో తేల్చకండి. పది దుబ్బులు చూడండి. పదీ ఒక్క పోలికలో ఉంటే మంచిది. ఒకదానికి బెత్తెడు మీసం, పక్కదానికి అసలు లేకపోతే, పొట్టు రంగు దుబ్బు దుబ్బుకీ మారుతుంటే, చేలోని వరి పుప్పొడి కలిసిందన్నమాట. మన జయపురం చుట్టుపక్కల గుంటలు పూడ్చడం ఒక దెబ్బైతే, ఈ కలగలుపు రెండో దెబ్బ. మొక్క కళ్లముందు ఉంటుంది, నివ్వరితనం పోతుంది.

ఒక గుంటకు ఇంత పట్టింపెందుకని అడిగినవారికి: సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిని దెబ్బతీస్తున్న రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరువేలకు పైగా నమూనాలను పరీక్షించింది. గట్టిగా తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన ఒకే ఒక్క నివ్వరి నమూనా. దాని గుణం కలిసిన ఐఆర్-36 రకం 1976లో విడుదలైంది. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ప్రపంచ ప్రాధాన్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించారు. ఆ వరికి దగ్గరి చుట్టం ఈ గుంటల్లోనే ఉంది.

అభ్యాసం కష్టమైనదే, తగ్గించను. ఒకే గుంటకు నాలుగు వారాలు, వారానికోసారి, పొద్దున్నే వెళ్లండి. గొడుగులో రాలిన ఇరవై గింజల మచ్చలు, పది దుబ్బుల పోలికలు, దగ్గరి వరి చేను ఎన్ని అడుగుల దూరమో రాయండి. చూశాక గింజలు అక్కడే నీళ్లలో వదిలేయండి.

నాలుగు దుబ్బులు పీకినవారికి: కంకుల్లో పండిన గింజలు మిగిలి ఉంటే ఆ గుంటకే తీసుకెళ్లి ఆ బురదలోనే చల్లండి. పెరట్లో కుండీ వద్దు, దారిలో కనిపించిన ఇంకో గుంట అసలే వద్దు.