అల్యూమినియం బ్లాక్‌లో థ్రెడ్ పోయిందా? డ్రిల్ పట్టేముందు బోల్ట్ పొడవు చూడండి

సమస్య

కారు ఇంజిన్‌కు ఉండే నీళ్ల పంపు వెనుక, చెయ్యి సగమే దూరే సందులో ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్ట్ ఎంత బిగించినా బిగువు రాకుండా తిరుగుతూనే ఉంటుంది. బయటికి తీస్తే దాని చుట్లలో సన్నని తీగలా అల్యూమినియం చుట్టుకుని కనిపిస్తుంది. ఇంజిన్ బ్లాక్ రంధ్రంలోని థ్రెడ్, అంటే బోల్ట్ పట్టే మర చుట్లు, పోయిన మాట నిజమే కానీ, ఎందుకు పోయిందో తేలకముందే డ్రిల్ అందుకోవడం వల్లనే పని చెడుతోంది.

మొదట చూడవలసింది

తీసిన బోల్ట్‌ను మిగతా బోల్ట్‌ల పక్కన నిలబెట్టి చూడటానికి అరనిమిషం చాలు. వరంగల్ ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. హెలికాయిల్ (పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్‌గా దించే తీగ చుట్ట) వేయమని వచ్చేవారిలో ఆ అరనిమిషం వెచ్చించినవారు చాలా తక్కువ.

అసలు కారణం

చాలా ఇంజిన్లలో ఒకే పంపుకు రెండు మూడు పొడవుల బోల్ట్‌లు ఉంటాయి. విప్పినవన్నీ ఒకే డబ్బాలో వేస్తే, తలలూ చుట్లూ ఒకటే కనుక బిగించేటప్పుడు తారుమారైనా చేతికి తెలియదు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన ఒక వ్యాపారి కారుకు నేను ఇవేవీ చూడకుండా రంధ్రం పెంచి హెలికాయిల్ వేశాను. వారం తిరగకముందే కారు మళ్లీ వచ్చింది. ఈసారి హెలికాయిల్ కూడా బోల్ట్‌తో పాటే ఊడివచ్చింది.

అప్పుడు కొలిచాను. పంపు మందం 22 మిల్లీమీటర్లు, బోల్ట్ పొడవు 30. అంటే బ్లాక్‌లోకి దిగుతున్నది 8 మాత్రమే, చుట్లలో చెప్పాలంటే ఆరు. ఉక్కు బోల్ట్ అల్యూమినియంలో బోల్ట్ వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 12 మిల్లీమీటర్లు పట్టాలి. అక్కడ ఉండవలసిన 40 బోల్ట్ పక్క రంధ్రంలో అడుగుకు తగిలి నిలిచిపోయింది. టార్క్ రెంచ్ (బిగువు చూపే పానా) టిక్కుమన్నా పంపును అది నొక్కడం లేదు. ఒక బోల్ట్ ఊరికే తిరుగుతూ, దాని పక్కది గట్టిగా ఉన్నా నీరు కారుతోందంటే, ఈ తారుమారునే ముందుగా అనుమానించాలి. నన్ను ఇప్పటికీ బాధించేది మరొకటి: రంధ్రంలో థ్రెడ్ 25 మిల్లీమీటర్ల లోతు వరకు ఉంది. చెడినవి పై 8 మాత్రమే. చెక్కుచెదరని అడుగు థ్రెడ్‌ను నా ట్యాప్‌తో (థ్రెడ్ కోసే పనిముట్టు) నేనే కోసేశాను.

పరిష్కారం

సైకిల్ స్పోక్‌ను రంధ్రంలో దించి లోతు కొలవండి. అడుగున మంచి థ్రెడ్ మిగిలి ఉంటే, తలపై 8.8 అనే బలం గుర్తు ఉన్న కాస్త పొడవైన బోల్ట్ వేయండి. పై లెక్కలో 45 బోల్ట్ 23 దిగుతుంది, 15 మిల్లీమీటర్ల మంచి థ్రెడ్ దొరుకుతుంది, అడుగున 2 ఖాళీ మిగులుతుంది.

థ్రెడ్ మొత్తం పోయినప్పుడే హెలికాయిల్ వేయాలి. ఈ 8 మిల్లీమీటర్ల బోల్ట్ 1.25 పిచ్‌కు (రెండు చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 8.3 డ్రిల్ సరిపోతుంది. ఇరుకులో డ్రిల్ వంగకుండా, అదే సైజు రంధ్రం ఉన్న మందపాటి ఇనుప పట్టీని పక్క రంధ్రానికి బిగించి, దానిగుండా డ్రిల్ పోనివ్వండి. డ్రిల్ గాడుల్లో గ్రీజు నింపితే పొట్టు దానికే అంటుకుని వస్తుంది. ట్యాప్‌కు కిరోసిన్ వేస్తూ అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కు తిప్పండి. హెలికాయిల్‌ను పైఅంచుకు అరచుట్టు కిందికి దించి, దాని తోకను విరిచి, గ్రీజు పూసిన పుల్లతో బయటికి తీయండి. అది స్టెయిన్‌లెస్ కనుక అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు.

మిగతా కారణాలు

తుప్పు, పిచ్ తేడా కూడా కారణం కావచ్చు. మూసుకున్న రంధ్రంలో నీరో నూనెనో మిగిలితే బోల్ట్ ఒత్తిడికి బ్లాక్ పగలవచ్చు కనుక, బిగించేముందు గాలి కొట్టి ఆరబెట్టండి. ఇంజిన్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారిన తరువాత ఆ చోట పొడి గుడ్డతో తుడిచి, తడి అంటలేదని చూసుకున్నాకే బండి అప్పగించండి.