పండ్లు నూరుకున్న తోడేలు: వేట అయ్యే జంతువే గెలిచే బొమ్మల పుస్తకం తయారుచేసే తీరు

బోనాలకో దసరాకో ఇంటి ముందు మేకను కోయడం చూసి పెరిగిన పిల్లలకు, తోడేలూ మేకా చివరికి దోస్తులయ్యాయని చెప్పే పుస్తకం ఇస్తే నమ్మరు. తినేది తినడానికే వచ్చిందని వాళ్లకు బాగా ఎరుకే. నల్లగొండ, పాలమూరు దిక్కు పిల్లల కోసం పుస్తకం చేసేవాళ్లు ఈ సంగతి మొదటే ఒప్పుకోవాలి. ప్రమాదం నిజంగా ఉండాలి, నవ్వు ఆ ప్రమాదంలోంచే పుట్టాలి. కింద చెప్పేదంతా ఒకే నమూనా కథ పట్టుకుని చెబుతున్నాం: మంద నుంచి తప్పిపోయిన ముసలి మేక, ఆకలి మీదున్న తోడేలు. 32 పేజీలు, ఐదు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలకు, పెద్దవాళ్లు చదివి వినిపించేది.

జంతువులు

సింహాన్ని పక్కన పెట్టండి. మన అడవుల్లో అది లేదు, బావిలో నీడ చూసి దూకే కథ ఊర్లో ప్రతి పిల్లకూ తెలుసు. మనకు దొరికేవి తక్కువేం కాదు. నల్లమలలో, అమ్రాబాద్ అడవిలో పులి, చిరుత ఉన్నాయి. కృష్ణలో మొసలి ఉంది. మెట్ట పొలాల్లో, గుట్టల వెంట తోడేలు, గుంటనక్క తిరుగుతాయి.

వేట అయ్యే జంతువును మాత్రం దాని ఒంట్లో ఉన్న ఉపాయం చూసి ఎంచుకోవాలి. తీతువు పిట్ట నేల మీద గుడ్లు పెడుతుంది, శత్రువు దగ్గరికొస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దాన్ని గూడుకు దూరంగా తీసుకుపోతుంది. అలుగు ఉండలాగా చుట్టుకుంటే దాని పొలుసులను విప్పడం పులికీ కష్టమే. ఏదుపంది వెనక్కి తిరిగి ముళ్లతో మీదికొస్తుంది. ముళ్లను బాణాల్లాగా విసురుతుందని చాలామంది అనుకుంటారు, బొమ్మలోళ్లు కూడా అట్లనే గీస్తారు. అది విసరదు, ముళ్లు గుచ్చుకుని ఊడొస్తాయి, అంతే. ఇట్లాంటి తప్పు ఒక్కటి దొర్లినా, అడవి అంచున ఉండే ఊరి పిల్ల పట్టేస్తుంది.

మన నమూనాకు మేక ఎందుకంటే, దానికి పైదవడలో ముందు పండ్లు ఉండవు. గట్టి చిగురే ఉంటుంది. కింద ఎనిమిది, పైన సున్నా. తోడేలుకు మొత్తం 42 పండ్లు: ముందటివి 12, కోరలు 4, దవడపండ్లు 26. పండ్లు సరిగ్గా లేనిది, నోటి నిండా పండ్లున్నదాన్ని ఎట్లా ఓడిస్తుంది? కథ అక్కడే దొరికింది. “నాది ముసలి తోలు మామా, మొండి పండ్లకు తెగదు, నూరుకో” అంటుంది మేక. తోడేలు రాత్రంతా గుండుకు (పెద్ద బండరాయికి) పండ్లు నూరుకుంటుంది. తెల్లారేసరికి పండ్లే ఉండవు.

ఎత్తును పరీక్షించడం

బొమ్మలు మొదలుపెట్టకముందే మేక ఎత్తును, అంటే ఉపాయాన్ని, మూడు దిక్కుల నుంచి గట్టిగా కదిపి చూడాలి.

మొదటిది: తోడేలు ఏ పేజీలోనైనా ఆ పని మానేసి మేకను తినేయగలదా? తినగలగాలి. అయినా తినకుండా ఉండటానికి కారణం దాని గొప్పతనం కావాలి, ఆశ కావాలి. మేక దాన్ని వెనుకనుంచి తోసి లోయలో పడేస్తే అది హత్య అవుతుంది, పిల్లలు గుడ్లు మిటకరిస్తారు తప్ప నవ్వరు. తన పండ్లను తానే అరగదీసుకుంటుంటే ఆపమని చెప్పేవాళ్లు లేకపోవడం వేరే సంగతి.

రెండోది: ఉపాయం పిల్లకు ముందు తెలిసి, తోడేలుకు తరువాత తెలియాలి. ఇద్దరికీ ఒకేసారి తెలిస్తే అది ఆశ్చర్యం, నవ్వు కాదు. కనీసం నాలుగు పేజీల ముందే పిల్ల “అయ్యో, అరిగిపోతున్నయి!” అని అరవాలి.

మూడోది: అదృష్టం తీసేయాలి. గొర్లకాపరి కట్టె పట్టుకుని రావడం, పిడుగు పడటం, వానదేవుడు కరుణించడం, ఏవీ వద్దు. కాపరి వస్తే మేక తెలివి ఎందుకు పనికొచ్చినట్టు?

కారణం కూడా పక్కాగా ఉండాలి. గట్టిదనం లెక్కలో 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలత మీద పంటి పింగాణీ 5 దగ్గర ఉంటుంది, గ్రానైట్‌లో ఉండే పలుగురాయి 7. అందుకే గ్రానైట్ గుండు పంటిని అరగదీస్తుంది. తాండూరు బండ, షాబాద్ బండ సున్నపురాయి, వాటి గట్టిదనం 3 చుట్టుపక్కలే. బొమ్మలో పలకబండలు గీస్తే కథ తప్పవుతుంది. పాలమూరు గుట్టల మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లే గీయాలి. ఇంకో చిక్కు: దవడపండ్లను గుండుకు రాయడం కుదరదు, నోరు అంత తిరగదు. కాబట్టి మూడో విడతలో తోడేలు పలుగురాళ్లు నోట్లో పోసుకుని నములుతుంది. ఆ పేజీ మిగతా అన్నిటికంటే ఎక్కువ నవ్వు తెస్తుంది, దానికి చోటు ఎక్కువ ఇవ్వండి.

పేజీల లెక్క

1వ పేజీ చిన్న శీర్షిక, 2 ముద్రణ వివరాలు, 3 పెద్ద శీర్షిక. 4–5 నుంచి 30–31 దాకా పద్నాలుగు జంట పేజీలు కథకు దొరుకుతాయి. 32 ఒంటి పేజీ.

4–5లో పొద్దుగూకడం, మంద ఇంటిబాట పట్టడం, సీతాఫలం చెట్ల దగ్గర మేక వెనుకబడటం. 6–7లో తోడేలు, ఒక్క మాట కూడా ఉండదు. 8–9లో మేక ఉపాయం చెబుతుంది. 10 నుంచి 15 దాకా ముందు పండ్లు, 16 నుంచి 19 దాకా కోరలు, 20 నుంచి 25 దాకా దవడపండ్లు. 26–27లో తెల్లారుతుంది, తోడేలు నోరు మూసుకునే ఉంటుంది. తిప్పితే 28–29 నిండా తెరిచిన నోరు, చిగుర్లు, మాటలేవీ లేవు. 30–31లో మేక జవాబు.

కుడిచేతి పేజీ చివర ఎప్పుడూ ఏదో ఒకటి ఆగి ఉండాలి: అడిగిన ప్రశ్న, ఎత్తిన కాలు, తెరవబోయే నోరు. జవాబు ఎడమ పేజీలో రావాలి. ప్రశ్నా జవాబూ ఒకే జంటలో పడితే పిల్ల కన్ను బొమ్మ మీదికి ముందే దూకుతుంది, చదివేవాళ్ల గొంతు వెనుకబడుతుంది. చాలా పుస్తకాలు ఇక్కడే చప్పబడతాయి, కథలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు గానీ తప్పు పేజీ తిప్పే చోట ఉంటుంది.

మాటలు

పుస్తకం మొత్తం 400 నుంచి 500 పదాలు చాలు. జంట పేజీకి 35 దాటితే సగం కొట్టేయండి. కథనం తేలిక తెలుగులో, సంభాషణ ఊరి మాటలో ఉంటే చదివేవాళ్లకు రెండు గొంతులు వాటంతటవే వస్తాయి.

“ఏమే ముసలీ, సావనీకి తయారేనా?”
“తయారే మామా. గనీ నీ పండ్లు జూస్తె పాపమనిపిస్తుంది. గా మొండి పండ్లతోని నన్నెట్ల నమిలెటట్టు? గా గుండుకు జర నూరుకోరాదు?”
గర్ర్. గర్ర్. గర్ర్.
“ముందటియి మస్తుగైనయి మామా. మరి కోరలు?”

మేక ఎప్పుడూ తిట్టదు, వెక్కిరించదు. తోడేలు మీద దానికి ఎంతో బెంగ ఉన్నట్టే మాట్లాడుతుంది. నల్లహాస్యం (భయంలోంచి పుట్టే నవ్వు) అంతా ఈ మర్యాదలోనే ఉంది. మేక ఒక్క పేజీలో “చూశావా నా తెలివి” అన్నా భయం పోతుంది, భయం పోతే నవ్వూ పోతుంది. అట్లనే తోడేలు మొదటి నుంచీ మొద్దు అయితే దాన్ని ఓడించడంలో గొప్పేముంది? అది కనబడే మొదటి రెండు జంటల్లో నిజంగా భయపెట్టాలి.

ఊరి మాట రాసేటప్పుడు ఏ మాట ఎట్లా రాయాలో పట్టిక ఒకటి పక్కన పెట్టుకోండి. ఒక పేజీలో “నూరినయి”, ఇంకో పేజీలో “నూరినై” వస్తే అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్ల ఆగిపోతుంది. ఒక రూపం ఎంచుకుని చివరిదాకా అదే రాయాలి.

నీతి వాక్యం వద్దు. “దురాశ దుఃఖానికి చేటు” అని చివర రాయమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 30–31లో మేక చెప్పేది చాలు: “ఏడ్వకు మామా. నాకు పైపండ్లు పుట్టుకతోనే లెవ్వు. నేను బతుకుతలేనా? రా, గడ్డి ఎట్ల తినాల్నో నేర్పిస్త.”

బొమ్మలు

మాట ఒకటి చెబుతుండగా బొమ్మ ఇంకోటి చూపించాలి. 20–21లో మాట: “తోడేలు పండ్లు తళతళ మెరిసిపోతున్నయి.” బొమ్మలో కోరలు ఉండవు, ముందటివి అంతకు ముందే పోయాయి. చదివే పెద్దాయన అమాయకంగా చదువుతాడు, పిల్ల వేలు పెట్టి “లెవ్వు కదా!” అంటుంది. ఆ పిల్ల తనకంటే పెద్దవాళ్లకు తెలియనిది కనిపెట్టింది. పుస్తకం మళ్లీ మళ్లీ అడిగించుకునేది ఇందుకే.

10వ పేజీ నుంచి ప్రతి పేజీ కింది మూలన చీమల బారు ఒకటి గీయండి. తోడేలు పంటి ముక్కలు మోసుకుపోతుంటాయి. మాటల్లో వాటి ఊసే రాకూడదు. 32వ పేజీలో తోడేలూ మేకా పక్కపక్కన గడ్డి మేస్తుంటాయి, మూలన చీమల పుట్ట వాకిలికి రెండు కోర ముక్కలు ద్వారబంధంలా నిలబడి ఉంటాయి. మాటలు అక్కర్లేదు.

నెత్తురు చూపించొద్దు. పంటి పొడి తెల్లగా రాలుతుంది, నెత్తురు కారదు. ఒక్క ఎర్ర చుక్క పడినా ఐదేండ్ల పిల్ల తోడేలు నొప్పి గురించే ఆలోచిస్తుంది, నవ్వు ఆగిపోతుంది. నొప్పిని చెవుల్లో, తోకలో, కాలివేళ్లలో చూపించవచ్చు.

తోడేలును నెట్‌లో దొరికే మంచు దేశాల ఫొటోలు చూసి గీయకండి. మన తోడేలు బక్కది, కురచ వెంట్రుకలది, గోధుమ, బూడిద కలిసిన రంగు. దాని కంటిపాప గుండ్రంగా ఉంటుంది. పులి, చిరుతలకూ గుండ్రమే, పిల్లి కన్నులాగా నిలువు గీత పెడితే తప్పు. మేక కంటిపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. ఆ కన్నులో భయమూ కపటమూ ఒకేలాగా కనబడతాయి, అందుకే ఈ కథకు అంత బాగా కుదిరింది. మేక మనసు చూపించే పని చెవులకూ మోకాళ్లకూ అప్పజెప్పండి: 18–19 దాకా మోకాళ్లు వణుకుతుండాలి.

6–7లో తోడేలు జంట పేజీలో మూడింట రెండు వంతులు ఆక్రమించాలి, మేక బొటనవేలంత. విడత విడతకూ తోడేలును తగ్గిస్తూ, మేకను పెంచుతూ పోయి 30–31కి తారుమారు చేయాలి. ప్రతి జంటకూ ఎన్ని పండ్లు మిగిలాయో ముందే ఒక కాగితం మీద రాసి బొమ్మలాయనకు ఇవ్వండి. 16వ పేజీలో పోయిన పన్ను 22లో మళ్లీ మొలిస్తే పిల్లలు ఊరుకోరు.

నమూనా పుస్తకం

ఎనిమిది ఏ4 కాగితాలు సగానికి మడిచి మధ్యన పిన్ను కొడితే 32 పేజీలు వస్తాయి. పెన్సిల్ బొమ్మలతో, చేతిరాతతో ఈ నమూనా చేసి, పుస్తకం రాసినవాళ్లు కాక వేరేవాళ్లతో చదివించండి. రాసినవాళ్లు చదివితే గొంతుతో లోపాలు కప్పేస్తారు. అంగన్‌వాడీలోనో, మూడో తరగతిలోనో చదివించి, ఎక్కడ నవ్వారు, ఎక్కడ పేజీ తిప్పమని తొందరపెట్టారు, ఎక్కడ కిటికీలోకి చూశారు అని పేజీ నంబరు పక్కన గుర్తు పెట్టండి. కిటికీలోకి చూసిన చోట మాటలు ఎక్కువయ్యాయని అర్థం. భయపడి ఏడ్చిన చోట బొమ్మను మార్చడం కాదు, తరువాతి పేజీని ముందుకు జరపాలి. నవ్వు రావడానికి ఆలస్యమైతేనే ఏడుపు వస్తుంది.

అచ్చు

క్రౌన్ 1/4 సైజు (సుమారు 7.5×10 అంగుళాలు) సౌకర్యం. 20×30 అంగుళాల షీటు మీద రెండు దిక్కులా కలిపి 16 పేజీలు పడతాయి, కాబట్టి ఒక పుస్తకానికి లోపలి పేజీలకు రెండు షీట్లు. వెయ్యి కాపీలకు నాలుగు రీములు (రీముకు 500 షీట్లు), వేస్టేజి అదనం. లోపల 130 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాట్ ఆర్ట్ పేపర్, అట్టకు 300 జీఎస్‌ఎం, మధ్యన రెండు పిన్నులు. 90 జీఎస్‌ఎం మీద వేస్తే రాత్రి బొమ్మల సిరా వెనుక పేజీకి కనబడుతుంది, ముందు పేజీలో దాచిన ఉపాయం కాస్తా బయటపడుతుంది.

బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగులు), నాలుగు దిక్కులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపుకు వదిలే అదనపు అంచు). మధ్య మడతలో కన్ను, పన్ను, మాట ఏదీ పడకూడదు, అటూ ఇటూ 10 మిల్లీమీటర్లు ఖాళీగా వదలండి.

అక్షరం 20 పాయింట్లు, వరుసల మధ్య 34. ఇంగ్లీషు పుస్తకం చూసి 24 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కుతాయి. యూనికోడ్‌లో మండలి ఫాంట్ లోపలికి, రామభద్ర శీర్షికకు సరిపోతాయి, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే వత్తులు అక్షరం పక్కకు జారిపోతాయి. ఈ కథ చాలావరకు రాత్రే నడుస్తుంది కాబట్టి నల్లటి బొమ్మ మీద తెల్ల అక్షరాలు పెట్టాలనిపిస్తుంది. నాలుగు రంగుల సిరా కొంచెం జరిగినా సన్నటి వత్తులు పూడిపోతాయి. ఆకాశంలో వెన్నెల పడ్డ లేత భాగం ఒకటి ముందే వదిలి, దాని మీద ఒట్టి నల్ల సిరాతో అచ్చు వేయండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు) నంబరుకు పైసలు కట్టాల్సిన పని లేదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అది చేతికి రాకముందే అట్ట అచ్చుకు పంపకండి, బార్‌కోడ్ చోటు ఖాళీగా మిగులుతుంది.

ప్రెస్సు ప్రూఫ్ ఇచ్చినప్పుడు కంప్యూటర్‌లో చూసి సరేననకండి. మడిచిన ఫారం (అచ్చు షీటు) అడిగి తీసుకుని, 27వ పేజీ తిప్పితే 28–29 నోరు రెండు సగాలూ ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి.