డిప్లాయ్‌మెంట్ ఆటోమేషన్‌కు పనికొచ్చే డాక్యుమెంట్ రాయడం ఎలా

కోడ్‌ను సర్వర్లకు చేర్చే (డిప్లాయ్ చేసే) ఆటోమేటిక్ స్టెప్‌ల వరుసే పైప్‌లైన్. ఏ స్టెప్ తర్వాత ఏది నడుస్తుందో పైప్‌లైన్ ఫైల్ తెరిస్తే కనిపిస్తుంది. దాన్నే మళ్లీ వాక్యాల్లో రాస్తే, ఫైల్ మారిన మర్నాటికి ఆ పేజీ తప్పవుతుంది. ఫైల్ చెప్పలేనివి రాయండి: ఆ వరుస ఎందుకు, ముందుగా ఏమేం సిద్ధంగా ఉండాలి, మధ్యలో ఆగితే ఏం చెయ్యాలి. అర్ధరాత్రి అలర్ట్‌కు లేచిన కొత్త ఉద్యోగి చదువుతారనుకుంటే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేలిపోతుంది.

పేజీలను కోడ్ ఉన్న రిపాజిటరీలోనే మార్క్‌డౌన్‌లో ఉంచండి. పైప్‌లైన్ మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పును రివ్యూకు పంపే అభ్యర్థనలోనే) పేజీ కూడా మారాలి, లేకపోతే రివ్యూలో ఆపాలి. గిట్ సర్వరే పడిపోయిన రోజు కోసం రన్‌బుక్ (సమస్య వస్తే ఏం చెయ్యాలో చెప్పే పేజీలు) కాపీ ఒకటి వేరే చోటికి ఆటోమేటిక్‌గా వెళ్లేలా చూడండి.

మొదటి పేజీలో ఏ బ్రాంచ్ ఏ ఎన్విరాన్‌మెంట్‌కు వెళ్తుందో, ప్రొడక్షన్‌కు (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌కు) ఎవరి అప్రూవల్ కావాలో, మామూలుగా ఎంతసేపు పడుతుందో ఉండాలి. చాలామంది వదిలేసేది ఈ చివరిదే. గిట్‌హబ్ యాక్షన్స్‌లో టైమవుట్ పెట్టకపోతే ఇరుక్కున్న జాబ్ 360 నిమిషాల దాకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. మామూలు సమయం తెలియనివాళ్లు అంతసేపూ ఎదురుచూస్తారు.

సీక్రెట్‌లకు (పాస్‌వర్డ్‌లు, టోకెన్ల వంటివాటికి) ఒక పట్టిక చాలు: పేరు, ఎక్కడ ఉంది, ఎవరు మార్చగలరు, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, అయితే ఏ స్టెప్ ఫెయిలవుతుంది. విలువ మాత్రం ఎప్పుడూ రాయొద్దు. ఉదాహరణకని అసలు టోకెన్ అతికిస్తే, తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉండిపోతుంది. అలా జరిగితే ముందు ఆ టోకెన్ రద్దు చెయ్యాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం) పేజీ మీద. కుబర్నెటిస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ) వాడేచోట "రోల్అవుట్ అన్‌డూ కొట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తుంటారు. ఆ కమాండ్ పాత పాడ్ టెంప్లేట్‌ను (ఏ కంటైనర్లు ఎలా నడవాలో చెప్పే భాగాన్ని) మాత్రమే తిరిగి తెస్తుంది. కాన్ఫిగ్‌మ్యాప్‌లో (యాప్ సెట్టింగులు ఉండే చోట) చేసిన మార్పు అలాగే ఉంటుంది, డేటాబేస్‌లో మారిన కాలమ్ అలాగే ఉంటుంది. పైగా గిట్‌లో కొత్త వెర్షనే ఉంది కాబట్టి, పైప్‌లైన్ మళ్లీ నడవగానే చెడిన బిల్డ్ తిరిగొచ్చేస్తుంది. అందుకని ఆ పేజీలో మూడూ రాయాలి: అన్‌డూ కమాండ్, కాన్ఫిగ్‌మ్యాప్ వెనక్కి మార్చే పద్ధతి, గిట్‌లో రివర్ట్ కమిట్. డిఫాల్ట్‌గా 10 పాత రివిజన్లే మిగులుతాయని కూడా చెప్పండి. కుబర్నెటిస్ తానే పాత వెర్షన్‌కు తీసుకెళ్తుందనేది ఇంకో అపోహ: డిప్లాయ్‌మెంట్ 600 సెకన్లలో ముందుకు కదలకపోతే కుబర్నెటిస్ దాన్ని ఫెయిల్ అని చూపిస్తుందే తప్ప, తనంతట తాను వెనక్కి తీసుకెళ్లదు. ఆ నిర్ణయం ఎవరిదో రాసిపెట్టండి.

ప్రతి స్టెప్ పక్కన "మళ్లీ నడపొచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. మైగ్రేషన్ల (డేటాబేస్ నిర్మాణంలో చేసే మార్పుల) దగ్గర ఇది మరీ ముఖ్యం. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పులు చాలావరకు ట్రాన్సాక్షన్‌లో ఇమిడిపోతాయి, ఫెయిలైతే అన్నీ కలిసి వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్ టేబుల్ తనంతట తానే కమిట్ అయిపోతుంది. ఐదింటిలో మూడోది ఫెయిలైతే మొదటి రెండూ జరిగిపోయినట్టే. మళ్లీ మొదటి నుంచి నడిపితే "ఆ కాలమ్ ఇప్పటికే ఉంది" అనే ఎర్రర్ వస్తుంది. ఎంతవరకు నడిచిందో చూసే క్వెరీ అక్కడే ఇవ్వండి.

కమాండ్ రాసినప్పుడల్లా ఏ మెషీన్‌లో, ఏ డైరెక్టరీలో, ఏ యూజర్‌తో నడపాలో, సరిగ్గా నడిస్తే ఏం కనిపించాలో చెప్పండి. చివరిది లేకపోతే ముందుకు వెళ్లాలో ఆగాలో చదివేవాళ్లకు తెలియదు.

సమస్యల పేజీలో శీర్షికలుగా ఎర్రర్ మెసేజ్‌నే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి, ఎందుకంటే వెతికేది దానితోనే. ఉదాహరణకు ఎగ్జిట్ కోడ్ 137 అంటే 128కి 9 కలిపినది, అంటే ప్రాసెస్‌ను సిగ్‌కిల్‌తో (బలవంతంగా ఆపే 9వ నంబర్ సిగ్నల్‌తో) ఆపేశారు. ఎక్కువసార్లు కారణం మెమరీ లిమిట్ దాటడం, కాబట్టి ముందు అదే చూడమనండి.

రాయడం అయ్యాక, ఈ పని ఎప్పుడూ చెయ్యనివాళ్ల చేత పేజీ చూస్తూ స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించే చోట) ఒక డిప్లాయ్, ఒక రోల్‌బ్యాక్ చేయించండి. పక్కన కూర్చుని ఏమీ చెప్పొద్దు. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు పేజీలో చేర్చి, పరీక్షించిన తేదీ పైన వెయ్యండి.