పాఠశాలలకు కళలను తీసుకువెళ్లే ముందు మన సంస్థను ఒప్పించడం ఎలా?

విశాఖపట్నంలో సంగీత, నృత్య, నాటక, చిత్రకళా సంస్థలకు కొదవ లేదు. వాటిలో గురువులుగానో సభ్యులుగానో ఉన్నవారికి, ఈ విద్య ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కూడా అందాలన్న ఆలోచన ఏదో ఒక రోజున కలుగుతుంది. చాలామంది వెంటనే తెలిసిన ప్రధానోపాధ్యాయులను కలిసి, సొంత ఖర్చుతో తరగతులు మొదలుపెడతారు. అలా మొదలుపెట్టినవారికి బదిలీ అయినా, ఆరోగ్యం సహకరించకపోయినా ఆ తరగతులు ఆగిపోతాయి. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు దాటి జంట స్వరాల దాకా వచ్చిన పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఒక వ్యక్తి ఉత్సాహం మీద నిలిచిన పనికి ఇది తప్పదు. అందుకే పాఠశాల గడప తొక్కడానికి ముందు, ఇది ఫలానా వారి సేవ కాదు, మన సంస్థ పని అని కార్యవర్గం చేత అనిపించాలి.

ముందుగా అభ్యంతరాలను ఓపికగా వినండి. "నేర్చుకోవాలనుకున్నవారు మన దగ్గరికి రావాలి గాని, మనం వెళ్లడమేమిటి?" అని పెద్దలు అనడం సహజం; విద్య మీద గౌరవంతోనే వారు ఆ మాట అంటారు. మల్కాపురంలో దినకూలికి వెళ్లే తల్లి, పని మానుకుని పిల్లను సాయంత్రం నగరంలోని నృత్య తరగతికి బస్సులో తీసుకురాలేదని, అందువల్ల ఆ పిల్లలో ఉన్న ప్రతిభ మన కంట పడే అవకాశమే లేదని నెమ్మదిగా వివరించాలి. కోశాధికారి ఆందోళన వేరు: ఒకసారి మొదలుపెట్టిన ఖర్చును ఆపడం కష్టమని ఆయనకు తెలుసు. ఆయనకు ఆదర్శాలు చెప్పి ప్రయోజనం లేదు. రెండు పాఠశాలలు, వారానికొక తరగతి, ఒక విద్యాసంవత్సరం అని హద్దులు గీసి, కళాకారుల పారితోషికం, ప్రయాణ ఖర్చు, సామగ్రి, ఏడాది చివర పిల్లల ప్రదర్శనకయ్యే వ్యయం విడివిడిగా రాసిన కాగితం చూపాలి. గాజువాక, భీమునిపట్నం రెండూ నగరపాలక సంస్థ పరిధిలోనే ఉన్నా వాటి మధ్య దూరం తక్కువేమీ కాదు కాబట్టి, మొదటి ఏడాది సంస్థ కార్యాలయానికి దగ్గరలోని పాఠశాలలనే ఎంచుకోవడం మేలు.

నివేదికలు మార్చలేని మనసులను ఒక్క తరగతి మారుస్తుందని నా గట్టి నమ్మకం. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక నమూనా తరగతి ఏర్పాటు చేసి, సందేహిస్తున్న సభ్యులిద్దరిని తీసుకువెళ్లి వెనుక బెంచీలో కూర్చోబెట్టండి. ఉత్తరాంధ్రకు చెందిన తప్పెటగుళ్లు ఇందుకు చక్కగా సరిపోతాయి. కళాకారుడు రేకు తప్పెటను ఛాతీకి కట్టుకుని, కాళ్ల గజ్జెలతో ఒక వరుస అడుగులు వేసి చూపిస్తాడు. పిల్లలు మొదట చేతులతో బల్లల మీద ఆ దరువును పట్టుకుంటారు, తర్వాత లేచి అడుగు కలుపుతారు. లెక్కల గంటలో తల ఎత్తని పిల్లవాడు దరువు తప్పిన పక్కవాడిని సరిదిద్దడం ఆ సభ్యులు కళ్లారా చూస్తే, తర్వాతి సమావేశంలో మీ తరఫున వారే మాట్లాడతారు. ఏటికొప్పాక లక్క బొమ్మల కళాకారులను పిలిస్తే, తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఆనించగానే రాపిడి వేడికి అది కరిగి రంగుగా అంటుకోవడం పిల్లలకు సామాన్య శాస్త్ర పాఠం కూడా అవుతుంది.

ఆ వెంటనే కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేయించండి. నోటి హామీలు కార్యవర్గం మారగానే మరుగున పడతాయి. మినిట్స్ పుస్తకంలో ఉండవలసిన వాక్యం ఇలాంటిది: "రానున్న విద్యాసంవత్సరంలో రెండు పాఠశాలలలో వారానికొక కళాబోధన తరగతి నిర్వహించుటకు, అందుకు ఇంత మొత్తం కేటాయించుటకు, ఫలానా సభ్యులను బాధ్యులుగాను, మరొకరిని సహబాధ్యులుగాను నియమించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." సహబాధ్యులు తప్పనిసరి. సంస్థ నియమావళిలోని ఆశయాలలో పాఠశాల విద్య ప్రస్తావన లేకపోతే, సర్వసభ్య సమావేశంలో దాన్ని చేర్పించాలి. రేపు దాతలు మొదట అడిగేది ఆ నియమావళి ప్రతినే.

"ఇన్ని కర్మాగారాలున్న ఊళ్లో డబ్బుకేం లోటు, ఏదో ఒక కంపెనీని అడుగుదాం" అనే సూచన ఈ దశలో తప్పక వస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద ఖర్చు చేయాలి. అలా ఖర్చు చేయదగిన పనుల జాబితా అయిన ఆ చట్టం ఏడో షెడ్యూలులో విద్య, సంప్రదాయ కళల అభివృద్ధి రెండూ ఉన్నాయి. అయితే బయటి సొసైటీ ద్వారా ఆ నిధులు ఖర్చు చేయాలంటే, దానికి ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదు, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే నమోదు (1961 చట్టంలో 12ఏ, 80జీ), కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్సార్-1 నమోదుతో పాటు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. అంటే తొలి మూడేళ్లు సభ్యుల చందాలు, స్థానిక దాతల విరాళాల మీదనే నడవాలి. సంస్థ లోపలి మద్దతు ముందు కావాలని నేను పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం. ఆ మూడేళ్ల హాజరు పట్టీలు, రసీదులు, ఫొటోలు భద్రపరచండి. కంపెనీలు వార్షిక ప్రణాళికను ఆర్థిక సంవత్సరానికి తగినట్లు ఖరారు చేస్తాయి కాబట్టి, మార్చిలో కాక అంతకు కొన్ని నెలల ముందే కలవాలి. నిర్ణయాలన్నీ ఇక్కడే జరగవు. చమురు సంస్థ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మన ఊళ్లోనే ఉన్నా ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది.

పాఠశాల వైపు పని కొంత సులువు. 2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠ్యాంశాలకు అవతల ఉన్నవిగా చూడవద్దని చెప్పడమే కాక, 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారులు, కళాకారుల దగ్గర నేర్చుకోవాలని సూచించింది. ఆ మాటను మీ దరఖాస్తులో ఉదహరించండి. జిల్లా విద్యాశాఖాధికారికి, నగరపాలక సంస్థ పాఠశాలలైతే ఆ సంస్థ విద్యావిభాగానికి కూడా లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసి, సంతకంతో అనుమతి పత్రం పొందాలి. పాఠశాల యాజమాన్య కమిటీని విస్మరించవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉంటారు, సగం మంది మహిళలు ఉంటారు. ఆడపిల్లలు నృత్యం నేర్చుకోవడానికి ఇళ్లలో అంగీకారం వారి ద్వారానే సులభంగా లభిస్తుంది.

తరగతులను జూలైలో మొదలుపెట్టి నవంబరుకల్లా ముఖ్యభాగం ముగించేలా ప్రణాళిక వేసుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను సెలవులు వస్తాయని మన తీరంలో అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మూడు వారాలు అదనంగా ఉంచుకోవాలి. జనవరి దాటాక పదో తరగతి పరీక్షల హడావిడిలో ఏ ప్రధానోపాధ్యాయులూ గంట సమయం ఇవ్వలేరు. ప్రతి తరగతిలోను ఆ పాఠశాల ఉపాధ్యాయులొకరు ఉండి తీరాలని, మన కళాకారుడు ఏ పిల్లవాడితోను ఒంటరిగా ఉండకూడదని ముందే రాసుకున్న నియమం పిల్లలకూ రక్ష, సంస్థకూ రక్ష.

కళాకారులకు పారితోషికం తప్పక ఇవ్వాలి. పిల్లల కోసమే కదా అని జానపద కళాకారుణ్ణి ఉచితంగా రమ్మనడం అన్యాయం. అతనికి ఆ రోజు కూలి పోతుంది. కచేరీకి ఇచ్చినంత ఇవ్వలేకపోయినా, ఎంత ఇస్తామో ముందే చెప్పి, తరగతి ముగిసిన రోజునే చేతికివ్వాలి.

ఏడాది చివర పిల్లల ప్రదర్శనను పాఠశాల ఆవరణలో కాక మీ సంస్థ వార్షికోత్సవ వేదిక మీదనే, సభ్యులందరి ఎదుట, ముఖ్య కార్యక్రమానికి ముందు పెట్టించండి. ఆ తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల నివేదికను చదివి, కొత్త కార్యవర్గం ఎన్నికకు ముందే వచ్చే ఏడాది కేటాయింపును ఆమోదింపజేయండి. అనుమతి పత్రాలు, హాజరు పట్టీలు, కళాకారుల ఫోన్ నంబర్లు ఉన్న ఫైలును సహబాధ్యుల చేతికి అదే రోజు అప్పగించాలి.